ఎడమకాలి పాఠం
(సయ్యద్ అబ్దుల్ రహీం వర్ధంతి నాడు నిజాంసాగర్‌లో చేసిన స్మారకోపన్యాసం)

వెనక వరసలో కూర్చుని పిల్లలు సెల్‌ఫోన్లు చూసుకుంటున్నారు. వాళ్ల పని చివర్లో ఉంది, అప్పటిదాకా చూసుకోనివ్వండి.

ఇవాళ జూన్ 11. రహీం సాబ్ 1963లో ఇదే రోజున పోయారు. రేపు బడులు తెరుస్తారు. ఒక బడిపంతులును తలచుకోవడానికి ఇంతకంటే మంచి రోజు దొరకదు. ఆయన్ను భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్ అనే అందరూ అంటారు. నేను మాత్రం ఇవాళ బడిపంతులు అనే అంటాను, ఎందుకన్నది చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

ఈ సభ హైదరాబాద్‌లో పెట్టుకోవాల్సింది కదా, ఈ చెరువు గట్టు మీద ఏమిటి అని దారిలో ఒకాయన అడిగారు. రహీం సాబ్ పుట్టింది 1909లో. మంజీర మీద ఈ ఆనకట్ట పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఇక్కడ రాతికట్టడం లేపిస్తున్న రోజుల్లో రహీం సాబ్ హైదరాబాద్‌లో చదువుకుంటూ బంతి తన్నుతున్నారు. ఒకే రాజ్యం, ఒకే కాలం. అదొక కారణం. రెండో కారణం, ఫుట్‌బాల్‌కు ఇవాళ ఏమైనా ఆశ ఉంటే అది పట్నంలో కంటే ఇలాంటి మండలాల్లోనే ఉందని నా నమ్మకం. దానికి తర్వాత వస్తాను.

నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం, ఆటగాడు కోచ్‌గా మారడం. మంచి ఆటగాడే మంచి కోచ్ అవుతాడా? టీ కొట్టు దగ్గర ఎవరినడిగినా అవుననే అంటారు. ఆడనివాడికి ఏం తెలుస్తుంది, ఏం చెబుతాడు అంటారు. ఫుట్‌బాల్ చరిత్ర కూడా కొంతవరకు వాళ్ల పక్షానే ఉంది. బ్రెజిల్‌కు జగాలో, జర్మనీకి బెకెన్‌బావర్, ఫ్రాన్స్‌కు దెషాం, ఈ ముగ్గురూ ఆటగాళ్లుగానూ కోచ్‌లుగానూ ప్రపంచ కప్ గెలిచారు. అయినా నా లెక్క వేరు. ఆటలో ఎంత ఎత్తుకు ఎక్కాడన్నది కోచ్‌ను తయారు చేయదు. ఆట రానివాడి ముందు నిలబడి, అదే తప్పు నలభయ్యోసారి చేస్తున్నా కసురుకోకుండా నలభై ఒకటోసారి చూపించగలిగాడా లేదా, అదీ కోచ్‌ను తయారు చేసేది. ఆ ఓపిక నేర్పే చోటు మనకు బడి ఒక్కటే.

ఇది మన ఊరి మాట అని కొట్టిపారేయకుండా ముందు అమెరికా కథ ఒకటి చెబుతాను. వాళ్ల ఫుట్‌బాల్ వేరు. కోడిగుడ్డు ఆకారపు బంతి, తల మీద హెల్మెట్, ఆట చాలావరకు చేతులతోనే. అందులో క్వార్టర్‌బ్యాక్ అని ఒకడుంటాడు. ఆట మొదలవగానే బంతి ముందు అతని చేతికే వస్తుంది. ఎవరికి విసరాలి, పక్కనున్నవాడి చేతికిచ్చి పరుగెత్తించాలా అన్నది రెండు మూడు సెకన్లలో అతనే తేల్చుకోవాలి. కోచ్ చెప్పే ఎత్తుగడ హెల్మెట్‌లోని రేడియో ద్వారా అతని చెవికే చేరుతుంది. మిగతా పదిమందీ ఏం చేయాలో అతనికి కంఠతా ఉండాలి. అందుకే క్వార్టర్‌బ్యాక్ రిటైరైతే నేరుగా కోచ్ అయిపోతాడని అక్కడ అనుకుంటారు.

డగ్ పెడర్సన్ అలాంటి క్వార్టర్‌బ్యాక్. అయితే పెద్ద ఆటగాడేమీ కాదు. 1991లో కాలేజీ ముగిస్తే, ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో ఏ జట్టూ అతని పేరు పిలవలేదు. గ్రీన్‌బే ప్యాకర్స్ జట్టులో బ్రెట్ ఫావ్ర్ అనే మహా ఆటగాడి వెనక బదులు ఆటగాడిగా ఏళ్ల తరబడి ఉన్నాడు. అంటే గీత బయట అట్ట పట్టుకుని నిలబడి, ఫావ్ర్ ఆడుతుంటే చూడడం. 1999లో ఫిలడెల్ఫియా ఈగల్స్ అతనికి మొదటి స్థానం ఇచ్చింది. తొమ్మిది మ్యాచ్‌లు గడిచాక కొత్తగా వచ్చిన డొనోవన్ మెక్‌నాబ్‌కు ఆ చోటు ఇచ్చి ఇతన్ని మళ్లీ బెంచీ మీద కూర్చోబెట్టారు. 2004 సీజన్‌తో ఆట ముగిసింది.

తర్వాత అతను ఎక్కడికి వెళ్లాడన్నదే నాకు కావలసిన సంగతి. లూసియానా రాష్ట్రంలో ష్రీవ్‌పోర్ట్ ఊరికి. అక్కడ కాల్వరీ బాప్టిస్ట్ అకాడమీ అనే బడిలో కోచ్‌గా చేరాడు. నాలుగు సీజన్లు బడిపిల్లలకు నేర్పాడు. 2009లో ఈగల్స్ పిలిస్తే వెళ్లింది కూడా కింది మెట్టు పనికే. 2016లో అదే జట్టుకు ప్రధాన కోచ్ అయ్యాడు. 2017 డిసెంబర్‌లో అతని ప్రధాన క్వార్టర్‌బ్యాక్ కార్సన్ వెంట్జ్‌కు మోకాలు దెబ్బతింది. ఇక ఈ ఏడు అయిపోయిందనుకున్నారు జనం. బదులు ఆటగాడు నిక్ ఫోల్స్‌ను దింపారు. బదులు ఆటగాడి గుండె ఎలా కొట్టుకుంటుందో పెడర్సన్ కంటే బాగా ఎవరికి తెలుసు? 2018 ఫిబ్రవరి 4న, వాళ్ల ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో న్యూఇంగ్లండ్ పేట్రియట్స్‌ను 41-33తో ఓడించి ఫిలడెల్ఫియాకు మొట్టమొదటి సూపర్ బౌల్ తెచ్చారు. ఆ మ్యాచ్‌లో ఒక ముఖ్యమైన ఘట్టంలో, బంతి విసరాల్సిన క్వార్టర్‌బ్యాకే పక్కకు జారుకుని బంతి అందుకునే ఎత్తుగడ వేశారు. గీత దగ్గరికి వచ్చి దాన్ని అడిగింది ఫోల్స్. కోచ్ ఒక్క క్షణం చూసి సరే అన్నాడు. శిష్యుడి ప్రతిపాదనకు అంత త్వరగా తల ఊపడం చాలామంది పెద్ద ఆటగాళ్లకు చేతకాదు. తామైతే ఏం చేసేవాళ్లమో అన్న ఆలోచనే వాళ్లకు అడ్డొస్తుంది. మూడేళ్లు తిరక్కుండానే, జట్టు ఓడిపోవడం మొదలయ్యాక, అదే ఫిలడెల్ఫియా అతన్ని పంపించేసింది. కోచ్ ఉద్యోగం ఎక్కడైనా అంతే.

ఇక మన మనిషి దగ్గరికి వద్దాం.

రహీం సాబ్ ఉస్మానియాలో బీఏ చదువుతూ విశ్వవిద్యాలయం జట్టుకు ఆడారు, తర్వాత స్థానిక లీగులో ఖమర్ క్లబ్‌కు ఆడారు. బాగా ఆడేవారంటారు. దేశం తరఫున ఆడిన మనిషి కారు. చదువు ముగిశాక బడుల్లో పనిచేశారు: కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్. ఆ తర్వాతే వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకుని ఆటల బాధ్యత చేపట్టారు. ఈ వరుస గమనించండి. ముందు తరగతి గది, తర్వాత మైదానం. 1940ల తొలినాళ్లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికి వచ్చింది. పోయేదాకా ఆయన చేతిలోనే ఉంది.

సిటీ పోలీస్ ఏం చేసిందో పిల్లలకు తెలియకపోవచ్చు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు గెలిచింది. 1950 డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. 1954లో, 1957లో మళ్లీ డ్యూరాండ్ గెలిచింది. రాష్ట్రం మారాక ఆంధ్రా పోలీస్ పేరుతో 1961లో మరోసారి. మన రాష్ట్ర జట్టు 1956-57లో, 1957-58లో వరసగా సంతోష్ ట్రోఫీ తెచ్చింది. కలకత్తాలో ఫుట్‌బాల్ మాట్లాడేవాళ్లు హైదరాబాద్ పేరు చెబితే కాస్త సర్దుకుని కూర్చునే రోజులవి.

వీటికంటే ఎక్కువసేపు నిలబడి చూడాల్సినవి ఆయన పెట్టించిన చిన్న పోటీలు. ఒకటి, బంతిని కాళ్ల దగ్గర పెట్టుకుని ఆడించకూడదనే పోటీ. వచ్చిన బంతిని వచ్చినట్టే ఇంకొకడికి అందించాలి. రెండోది, వాటం లేని కాలితో మాత్రమే ఆడే పోటీ. కుడివాటం కుర్రవాడు మ్యాచ్ అంతా ఎడమకాలితోనే తన్నాలి.

ఈ రెండో దాన్ని ఒకసారి ఊహించండి. పేటలో పేరు మోసిన స్టార్ ఒకడు మైదానంలోకి దిగుతాడు. బంతి వస్తుంది. అలవాటుగా కుడికాలు లేస్తుంది, గుర్తొచ్చి ఆగుతుంది. ఎడమకాలితో తంతే బంతి గోల్ వైపు పోకుండా మూలజెండా వైపు పోతుంది. గట్టు మీద జనం నవ్వుతారు. పక్కనే, ఎప్పుడూ బెంచీ మీద కూర్చునే పిల్లవాడికీ అదే అవస్థ. ఆ గంటసేపూ స్టార్ లేడు, బెంచీ పిల్లవాడు లేడు, ఇద్దరూ ఒకటో తరగతే. స్టార్‌కు తను మొదటిసారి బంతి ఎలా నేర్చుకున్నాడో గుర్తొస్తుంది. మడమ ఎక్కడుండాలి, ఒళ్లు ఎంత వంగాలి, రెండో కాలు బంతికి ఎంత దూరంలో ఆనాలి అన్నవన్నీ మళ్లీ ఆలోచించి చేయాల్సి వస్తుంది. ఆటగాడికి రెండో కాలు వస్తుంది, అది మొదటి లాభం. తను నేర్చుకున్న విధానం తనకు కనబడుతుంది. రేపు ఇంకొకరికి నేర్పాల్సి వస్తే పనికొచ్చేది ఈ రెండోదే. అంటే రహీం సాబ్ ఆటగాళ్లను తయారు చేస్తూనే కోచ్‌లను కూడా తయారు చేశారు. అనుకునే చేశారని నేననను. చూచిరాత రాయించే పంతులు అక్షరంతో పాటు ఒద్దిక కూడా నేర్పుతాడు, అడిగితే అక్షరమే నేర్పానంటాడు.

బలరాం సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ కుర్రవాడు. బీద ఇల్లు. కాళ్లకు సరైన బూట్లు లేవు. అతని ఆట చూసి రహీం సాబ్ శిక్షణకు రమ్మన్నారు. అంత దూరం రావడానికి డబ్బుల్లేవంటే, అద్దె సైకిల్‌కు పైసలు తానే ఇచ్చారు. బలరాం ఈ మాట ముసలితనంలో కూడా చెప్పుకునేవారు. ఆ కుర్రవాడు 1956లో మెల్‌బోర్న్, 1960లో రోమ్ ఒలింపిక్స్ ఆడాడు. పట్టిక చూసి జట్టు ఎంపిక చేసే కోచ్‌కు అద్దె సైకిల్ ఆలోచన తట్టదు. పిల్లవాడు బడికి ఎందుకు రావడం లేదో ఇంటికి వెళ్లి కనుక్కునే పంతులుకే తడుతుంది.

పతకాల సంగతి చాలామందికి తెలుసు కాబట్టి త్వరగా చెబుతాను. 1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు. ఫైనల్లో ఇరాన్ మీద మేవాలాల్ గోల్‌తో 1-0, బంగారు పతకం. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1. మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడారు, అక్కడ చలి. ఆ దెబ్బతోనే బూట్లు తప్పనిసరి అయ్యాయి. పది గోల్స్ తిన్న కోచ్‌ను ఇవాళైతే విమానాశ్రయంలోనే సాగనంపుతారు. 1956లో అదే యుగోస్లావియా, ఈసారి మెల్‌బోర్న్ సెమీఫైనల్. మొదటి గోల్ మనవాడు నెవిల్ డిసౌజాదే. చివరికి 4-1తో ఓడాం. ఆ ముందు మ్యాచ్‌లో అదే డిసౌజా మూడు గోల్స్ కొట్టి ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించాడు. ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. దాన్ని ఇప్పటిదాకా మనం దాటలేదు.

హెల్సింకీకీ మెల్‌బోర్న్‌కీ మధ్య ఆ నాలుగేళ్లలో జరిగింది చదువు. సెంటర్ ఫార్వర్డ్‌ను కాస్త వెనక్కి లాగి ఆడించే హంగరీ పద్ధతిని 1953లో ఇంగ్లండ్ రుచి చూసింది. రహీం సాబ్ దాన్ని పట్టుకుని మనవాళ్లకు సరిపోయేలా కత్తిరించి కుట్టారు. 1958లో బ్రెజిల్ ప్రపంచ కప్ గెలిచి 4-2-4 అమరిక లోకమంతా పాకేనాటికి మన జట్టుకు ఆ దారి కొత్త కాదు. యూరప్‌లో కోచింగ్ కోర్సు చేసిన మనిషి కాదాయన. చదివి, చూసి, బోర్డు మీద గీసి ఆలోచించే అలవాటున్న మనిషి.

1962 జకార్తా ఆసియా క్రీడల దగ్గర మాత్రం ఆగాలి. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 ఓటమి. థాయ్‌లాండ్‌ను 4-1తో గెలిచారు కానీ ఆ మ్యాచ్‌లో మన డిఫెన్స్‌కు వెన్నెముకలాంటి జర్నైల్ సింగ్ తల పగిలింది, ఆరు కుట్లు. జపాన్ మ్యాచ్‌కు బయట కూర్చున్నాడు. సెమీఫైనల్ వచ్చింది. కుట్లతో ఉన్నవాడిని వెనక ఆడిస్తే ప్రతి గాలిబంతికీ తల పెట్టాలి. కూర్చోబెడితే జట్టు నీరుగారుతుంది. రహీం సాబ్ అతన్ని డిఫెన్స్ నుంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. జనానికి విచిత్రంగా కనిపించింది. కానీ జర్నైల్ కాలేజీ రోజుల్లో ఫార్వర్డ్‌గా ఆడినవాడే, ఆ సంగతి ఆయన బుర్రలో ఎక్కడో రాసిపెట్టుకున్నారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద జర్నైల్ గోల్ కొట్టాడు, 3-2.

సెప్టెంబర్ 4న ఫైనల్, మళ్లీ దక్షిణ కొరియాతోనే. ఇజ్రాయెల్, తైవాన్‌లకు ప్రవేశం నిరాకరించినందుకు మన క్రీడాధికారి గురుదత్ సోంధీ ఆతిథ్య దేశాన్ని తప్పుబట్టారు. దాంతో ఇండోనేషియా అంతా మన మీద మండిపడుతోంది. స్టేడియంలో దాదాపు లక్షమంది, మన జాతీయగీతానికి కూడా అరుపులే. గోల్‌కీపర్ తంగరాజ్‌కు అప్పుడే జ్వరం తగ్గింది. కోచ్ ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. ముందు రోజు రాత్రి పిల్లలందరినీ కూర్చోబెట్టి, రేపు నాకు మీ దగ్గర్నుంచి ఒక కానుక కావాలి, బంగారు పతకం తెచ్చివ్వండి అని అడిగారట. పీకే బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్, మొదటి ఇరవై నిమిషాల్లోనే. కొరియా చివర్లో ఒకటి తిప్పింది. 2-1. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ బంగారం రాలేదు. తొమ్మిది నెలలకు ఆయన పోయారు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు పెట్టింది 1985లో కాబట్టి ఆయనకు ఇచ్చే అవకాశమే లేకపోయిందని సర్దిచెప్పుకుంటాం. ఆయన కథ సినిమాగా వచ్చింది 2024లో, 'మైదాన్' పేరుతో. అజయ్ దేవగణ్ బాగానే చేశాడు. బడి మాత్రం ఆ సినిమాలో నాకు చాలలేదు.

ఇప్పుడు ఆయన తర్వాతి వాళ్లు. జకార్తాలో గోల్ కొట్టిన పీకే బెనర్జీ కోచ్‌గా కలకత్తాను ఏలాడు. 1977లో పెలే న్యూయార్క్ కాస్మోస్‌తో ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చినప్పుడు 2-2తో నిలబడిన మోహన్ బగాన్ జట్టు పీకేదే. మ్యాచ్‌కు ముందు ఆటగాళ్లను కూర్చోబెట్టి మాటలతోనే నిప్పు రాజేసేవాడని పేరు. ఆ కళ ఎవరి దగ్గర నేర్చుకున్నాడో ఇందాక చెప్పిన కానుక కథలోనే ఉంది.

రహీం సాబ్ కొడుకు హకీం, స్క్వాడ్రన్ లీడర్ సయ్యద్ షాహిద్ హకీం, రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో పీకేకు సహాయ కోచ్, పైగా ఫిఫా రిఫరీ. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు వచ్చింది, 2021లో పోయారు. ఆటగాడు, కోచ్, రిఫరీ మూడూ అయినవాళ్లు మనలో ఎంతమంది ఉన్నారు?

సయ్యద్ నయీముద్దీన్ సంగతి ఇంకాస్త ఎక్కువ చెప్పాలి. 1944లో హైదరాబాద్‌లో పుట్టారు. సిటీ పోలీస్ జట్టు నుంచే వచ్చారు. డిఫెండర్. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కంచు పతకం తెచ్చిన జట్టుకు కెప్టెన్, అదే ఏడు అర్జున అవార్డు. కోచ్‌గా 1990లో ఈస్ట్ బెంగాల్‌కు ఒకే సీజన్లో ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడూ గెలిపించారు. ఆ ఏడే ద్రోణాచార్య. ఫుట్‌బాల్ కోచ్‌కు ఆ అవార్డు రావడం అదే మొదటిసారి. దేశ జట్టుకు కోచ్‌గా 1997లో ఖాట్మండులో, 2005లో కరాచీలో దక్షిణాసియా టోర్నీలు గెలిచారు. ఢాకాలో బ్రదర్స్ యూనియన్‌కు, బంగ్లాదేశ్ దేశ జట్టుకు కూడా కోచ్‌గా ఉన్నారు. చాలా గట్టి మనిషి. తిండి దగ్గర, నిద్ర దగ్గర, టైము దగ్గర రాజీ లేదు. ఆటగాళ్లు గొణుక్కునేవాళ్లు. డిఫెండర్ కోచ్ అయితే ఇలాగే ఉంటాడని నేననుకుంటాను. జీవితమంతా వెనక నిలబడి ముందువాళ్ల తప్పులు సరిదిద్దిన మనిషి కదా.

షబ్బీర్ అలీ దీనికి పూర్తిగా ఎదురు. ఫార్వర్డ్, గోల్స్ కొట్టేవాడు. హైదరాబాద్ కుర్రవాడే. 1974లో బ్యాంకాక్‌లో ఇరాన్‌తో కలిసి ఆసియా యూత్ టైటిల్ పంచుకున్న జట్టుకు కెప్టెన్. కోచ్‌గా గోవా జట్టు సాల్గావ్‌కర్‌కు 1998-99 జాతీయ లీగ్ గెలిపించాడు. 2011లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నాడు.

ఈ జాబితాలో ఊళ్ల పేర్లు చూడండి. కలకత్తా, గోవా, ఢాకా. హైదరాబాద్ ఏది? నయీముద్దీన్, షబ్బీర్ అలీ మన ఊళ్లో పుట్టి, మన ఊళ్లో ఆట నేర్చుకుని, కోచ్‌లుగా ఎక్కడెక్కడో గెలిచారు. అక్కడ క్లబ్బులున్నాయి, జీతాలున్నాయి, శనివారం సాయంత్రం టికెట్టు కొనుక్కుని వచ్చే జనం ఉన్నారు. ఇక్కడ ఉన్నది డిపార్ట్‌మెంటు జట్లు. ఉద్యోగం ఇచ్చేవి, కోచ్‌కు బతుకు ఇచ్చేవి కావు. రహీం సాబ్ పోయాక పోలీస్ జట్టు కొన్నాళ్లు ఊపులో నడిచింది, 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ కూడా తెచ్చింది. ఆ తర్వాత మెల్లగా తగ్గిపోయింది. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచింది కదా అంటారు. గెలిచింది, మంచి ఆట ఆడింది, కోచ్ మనోలో మార్కెజ్ స్పెయిన్ మనిషి. ఆ క్లబ్బు 2025లో మూటముల్లె సర్దుకుని ఢిల్లీకి పోయింది. బడి పునాది లేని క్లబ్బుకు ఊరు ఒక చిరునామా మాత్రమే.

మీకు పూడిక సంగతి నేను చెప్పాలా? ఈ జలాశయం కట్టినప్పుడు దాదాపు 30 టీఎంసీలు పట్టేది. మంజీర ఏటేటా తెచ్చి పోసిన మట్టితో ఇప్పుడు 18 టీఎంసీలకు కూడా తక్కువే. కట్ట చెక్కుచెదరలేదు, గేట్లు ఉన్నాయి, బయట నుంచి చూస్తే అదే నిజాంసాగర్. మన ఫుట్‌బాల్‌లో కూడా కట్ట ఉంది: సంఘాలున్నాయి, టోర్నీలున్నాయి, స్టేడియాలున్నాయి. అడుగున మట్టి పేరుకున్నది బడుల దగ్గర. మీ మండలంలో ఎన్ని హైస్కూళ్లలో పీఈటీ పోస్టు నిండి ఉందో, ఉన్న పీఈటీ చేత రోజులో ఎన్ని గంటలు ఆట చెప్పిస్తున్నారో, ఎన్ని గంటలు ప్రార్థన వరుసలు, మధ్యాహ్న భోజనం, సర్వే పనులు చేయిస్తున్నారో మీకే తెలుసు.

అయినా ఆశ ఇలాంటి మండలాల్లోనే ఉందని మొదట్లో అన్నాను కదా. గుగులోత్ సౌమ్య నిజామాబాద్ జిల్లా తండా పిల్ల. 2001లో పుట్టింది. ఇవాళ దేశం తరఫున ఆడుతోంది, 2022లో క్రొయేషియా వెళ్లి దినామో జాగ్రెబ్ జట్టుకు ఆడి వచ్చింది. నిజామాబాద్‌లోనే పుట్టిన నిఖత్ జరీన్ 2022లో, 2023లో బాక్సింగ్‌లో ప్రపంచ చాంపియన్ అయింది. ఆమెకు మొదటి గురువు నాన్నే, ఆయనా ఒకప్పుడు ఆటగాడే. ఈ ఇద్దరిలో ఎవరికీ ఆట మొదలైంది పెద్ద అకాడమీలో కాదు. బ్యాడ్మింటన్‌లో పుల్లెల గోపీచంద్ తన ఇల్లు తాకట్టు పెట్టి అకాడమీ కట్టాడు, దానికి చేతులెత్తి మొక్కుతాను. కానీ అకాడమీకి చేరే పిల్లలు ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి కదా. రెండు జిల్లాలుగా విడిపోయిన మన పాత నిజామాబాద్‌లో అలాంటి చోట్లు ఇంకా మిగిలి ఉన్నాయి. ఇక్కడి నవోదయ విద్యాలయంలో పిల్లలు ఉండేదే హాస్టల్లో. పొద్దున్నా సాయంత్రమూ మైదానం వాళ్ల గది పక్కనే. పట్నంలో ఏ బడికి ఆ భాగ్యం ఉంది?

వెనక వరసలోని పిల్లలూ, ఇప్పుడు ఫోన్లు జేబులో పెట్టండి. మీ పీఈటీ సార్లతో ముందే మాట్లాడాను. బడులు తెరిచిన తర్వాత వచ్చే రెండో శనివారం ఈ గ్రౌండులో ఎడమకాలి పోటీ పెడుతున్నాం. ఏడుగురేసి జట్లు, పదిహేను నిమిషాలు ఒక సగం. మొదట ప్రతివాడినీ ఒక్కడిని చేసి నిలబెట్టి, చెప్పకుండా బంతి దొర్లిస్తాం. ఏ కాలు లేస్తే అది మీ వాటం కాలు. దాని మీద ఎర్ర రిబ్బను కట్టేస్తాం. ఎర్ర రిబ్బను కాలు బంతికి తగిలితే అవతలి జట్టుకు ఫ్రీకిక్. రెండు కాళ్లతోనూ ఆడగలనని వాదించేవాడు ముందే చెప్పాలి, వాడిని రిఫరీ చేస్తాం. తలతో ఆడటం వద్దు, మీ వయసుకు అది అవసరం లేదు. గోల్‌కీపర్‌కు చేతుల సంగతి మామూలే, బంతి తన్నేటప్పుడు మాత్రం వాడికీ ఇదే నియమం. ఆడపిల్లల జట్లు వేరుగా కాదు, కలిపే. ప్రతి జట్టుకూ ఒక తొమ్మిదో తరగతి పిల్లవాడో పిల్లో కోచ్. గీత బయట నుంచి అరవొచ్చు, లోపలికి రాకూడదు. మ్యాచ్ అయ్యాక ఆ కోచ్ తన ఏడుగురిలో ఎవరికి ఏం రాలేదో, దానికి రేపు ఏం చేయిస్తాడో ఒక కాగితం మీద రాసి నాకివ్వాలి. కప్పు ఇచ్చేటప్పుడు గోల్స్ ఒక్కటే లెక్కపెట్టం, ఆ కాగితాలు కూడా చదువుతాం. పేర్లు ఇవ్వడానికి కాగితం ఆ బల్ల మీద ఉంది, పెన్ను మాత్రం మీరే తెచ్చుకోండి.